గోదావరి బ్రిడ్జి ఫొటోల్లో పోటీకి ఏది పంపాలి?

నాలుగోది పంపండి. మొదటిది మాత్రం వద్దు.

తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. రాజమండ్రిలో తీసిన ఐదు ఫొటోలు మీ దగ్గరున్నాయి. పోటీ అమెచ్యూర్లకు, అంశం ‘వంతెన’. మనిషికి ఒక్క ఎంట్రీ. గడువు ఇంకా రెండు వారాలుంది. మొదటిది ఆర్చ్ బ్రిడ్జి వెనక సూర్యాస్తమయం: ఆకాశమంతా నారింజ, నీళ్ల మధ్యలో ఒక పడవ. రెండోదాంట్లో పాత హేవలాక్ బ్రిడ్జి, పక్కనే ఆర్చ్ బ్రిడ్జి ఒకే ఫ్రేములో ఉన్నాయి. మూడోది రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద నిలబడి రోడ్డు పొడుగునా తీసింది. నాలుగోది వరద రోజుల్లో ముసురు వానలో తీసింది: ఎర్రనీళ్లు, ఘాటు మెట్ల మీద గొడుగేసుకుని నదిని చూస్తున్న పెద్దాయన, వెనక ఆర్చ్ బ్రిడ్జి మీద గూడ్సు బండి. ఐదోది డ్రోన్‌తో పైనుంచి. ఇంట్లోవాళ్లూ ఫ్రెండ్సూ అందరూ మొదటిదానికే ఓటేశారు, నాలుగోది డల్‌గా ఉందన్నారు. మీకు మాత్రం అదే నచ్చింది, పంపాలంటే టెన్షన్‌గా ఉంది అన్నారు.

మీకు నచ్చిందే సరైనది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ‘నాకు నచ్చింది’ అన్న మాట మీద ధైర్యంగా నిలబడాలంటే కారణాలు తెలియాలి.

క్లబ్బు పోటీలకు జడ్జీల బల్ల దగ్గర కూర్చోవడం నాకు అలవాటైన పని. అక్కడ జరిగేది బయటివాళ్లు ఊహించుకునేంత గంభీరంగా ఉండదు. మొదటి రౌండులో ఒక్కో ఫొటో తెర మీద కొన్ని సెకన్లే ఉంటుంది. సాధారణంగా ముగ్గురు జడ్జీలు ఎవరి మార్కులు వాళ్లు వేస్తారు, మొత్తం కలిపి ఒక గీత గీస్తారు, గీత కింద ఉన్నవి వెళ్లిపోతాయి. తీరిగ్గా చూడటం, వాదించుకోవడం అన్నీ మిగిలిన కొద్దిపాటి ఫొటోల దగ్గరే. అంటే మీ ఫొటో రెండు పరీక్షలు దాటాలి: ముందు కొన్ని సెకన్లలో ‘ఆగు’ అనిపించాలి, తర్వాత ఎంతసేపు చూసినా ఇంకా ఏదో మిగిలుండాలి.

సూర్యాస్తమయం మొదటి పరీక్షలోనే ఇబ్బంది పడుతుంది. అది చెడ్డ ఫొటో అని కాదు. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. ఘాటు మీద నిలబడ్డ ప్రతివాడికీ సూర్యుడు నదికి అవతలే దిగుతాడు. ఫోను ఉన్నవాళ్లందరి దగ్గరా ఆ ఫొటో ఉంది. మన జిల్లాల్లో ‘వంతెన’ అని పోటీ పెడితే ఆ నారింజ ఆకాశం వరసగా వస్తూనే ఉంటుంది. పెళ్లి భోజనంలో ఐదో స్వీటు వడ్డించినట్టు ఉంటుంది జడ్జీ పరిస్థితి. ఆ వరసలో మీది బాగున్నవాటిలో ఒకటి అవుతుంది, అంతే.

ఇంకో లోపం దానికంటే పెద్దది. మీ మొదటి ఫొటోలో బ్రిడ్జిని వేలితో మూసి చూడండి. ఆకాశం, పడవ, నీళ్లలో వెలుగు అన్నీ అలాగే ఉంటాయి, ఫొటోకి పెద్దగా నష్టమేమీ లేదు. బ్రిడ్జి స్థానంలో కొబ్బరిచెట్ల వరస పెట్టినా అది అంతే బాగుంటుంది. అది సాయంత్రం ఫొటో, వంతెన ఫొటో కాదు. ఇప్పుడు నాలుగోదాంట్లో బ్రిడ్జిని మూయండి: గొడుగేసుకున్న మనిషి ఒక్కడే మిగులుతాడు, ఏం చూస్తున్నాడో అర్థం కాదు. మనిషిని మూస్తే బ్రిడ్జి ఎంత పెద్దదో తెలియదు. బండిని మూస్తే వరదలో కూడా పని ఆగలేదన్న సంగతి పోతుంది. ఏది తీసేసినా ఫొటో కుంటుపడుతోందంటే అందులో అన్నీ అవసరమైనవే ఉన్నాయన్నమాట. వంతెన అంటే దాటించేది. అది దాటిస్తూ కనిపించాలి, కింద ఏముందో కనిపించాలి. మీ నాలుగోదాంట్లో రెండూ ఉన్నాయి.

మీవాళ్లు ‘డల్’ అన్నదాన్ని నేను ఈ ఫొటోకి బలం అంటాను. ఆర్చ్ బ్రిడ్జికి 28 స్పాన్లు (పిల్లరుకీ పిల్లరుకీ మధ్య భాగాలు) ఉన్నాయి, ఒక్కోటి 97.55 మీటర్లు. మామూలు ఎండరోజున దగ్గరి ఆర్చీ, దూరపు ఆర్చీ ఒకే రంగులో కనిపించి, బ్రిడ్జి అంతా అట్టముక్కలా చదునుగా పడుతుంది. ముసురులో అలా కాదు. దగ్గరిది ముదురు బూడిద, దాని వెనకది కాస్త పలచన, ఆ తర్వాతది ఇంకా పలచన, చివరివి వానలో కలిసిపోయాయి. కొవ్వూరు గట్టు కనపడదు. దాంతో బ్రిడ్జికి అంతం లేనట్టుంది. ఇంత లోతు ఫిల్టర్లతో రాదు, గాలిలో తేమ ఉన్నరోజే దొరుకుతుంది. కింద ఎర్రనీళ్లు, పైన రంగు లేని ఆకాశం. జులై నుంచి సెప్టెంబరు లోపల వరద వచ్చినప్పుడే ఈ రంగు. గోదావరి జిల్లాల వాడు ఎవడైనా చూడగానే అది ఏ కాలమో చెబుతాడు. బయటి జడ్జీకి కూడా రంగుల్లో ఆ పొదుపు నచ్చుతుంది.

ఇక మిగతా మూడు.

మూడోది పక్కన పెట్టేయండి. రోడ్డు గీతలు దూరంగా వెళ్లి ఒకచోట కలిసే కూర్పు ప్రతి ఫొటోగ్రఫీ క్లాసులో మొదటి వారమే చెబుతారు, జడ్జీలకు అది కంఠతా వచ్చు. పైగా ఆ బ్రిడ్జి ప్రత్యేకత రైలు కింద, రోడ్డు పైన ఉండటం. రోడ్డు మీద నిలబడి తీస్తే ఆ సంగతే కనపడదు. లారీల మధ్య నడిరోడ్డున నిలబడి తీయడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఐదోది అందంగానే ఉంది, కానీ పైనుంచి చూస్తే బ్రిడ్జి నది మీద స్కేలు పెట్టినట్టు ఒక గీత అయిపోయింది. ఆర్చీల ఎత్తు పోయింది. డ్రోన్ ఫొటోలకి ఇంకో చిక్కు కూడా ఉంది: 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో అది ఏ జోనో చూసుకోవాలి, 250 గ్రాములు దాటిన డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి. రైలు నడిచే బ్రిడ్జి కాబట్టి నిర్వాహకులు అనుమతి సంగతి అడిగితే చూపించడానికి కాగితం ఉందా? లేకపోతే పంపకపోవడమే నయం.

రెండోది అలా కాదు, దాని మీద నాకు మనసుంది. హేవలాక్ బ్రిడ్జి 1900లో మొదలై 1997 దాకా బళ్లను మోసింది. ఆర్చ్ బ్రిడ్జి సరిగ్గా దాని పనిని తీసుకోవడానికే వచ్చింది. ఇనప గర్డర్ల ముసలిది, కాంక్రీటు విల్లుల పడుచుది పక్కపక్కన. బండి ఒకదాని మీదే నడుస్తుంది, రెండోది ఖాళీగా నిలబడి ఉంటుంది. ఇంత కథ ఉన్న ఫ్రేము మన దగ్గర ఇంకెక్కడుంది చెప్పండి. కానీ మీరు తీసిన చోట నుంచి గర్డర్ల గజిబిజి సరిగ్గా ఆర్చీల మీద పడింది. ఏది ఏ బ్రిడ్జిదో విడదీసుకోవడానికి చూసేవాడు కష్టపడాలి, కొన్ని సెకన్లలో ఎవరూ అంత కష్టపడరు. మధ్యాహ్నం తీశారు కాబట్టి ఇనుముకీ కాంక్రీటుకీ వెలుగు తేడా కూడా లేదు.

దీన్ని మళ్లీ తీయొచ్చు, ఈ పోటీకి కాకపోయినా. గట్టు వెంబడి నడుస్తూ రెండు బ్రిడ్జిల మధ్య ఖాళీ కనపడే చోటు వెతకండి. పది అడుగులు జరిగితే చాలు, అతుక్కుపోయినవి విడిపోతాయి. కాస్త ఎత్తు దొరికితే ఇంకా మంచిది. చలికాలం పొద్దున వెళ్లండి. బ్రిడ్జిలు సుమారుగా తూర్పు పడమరలుగా ఉన్నాయి, చలికాలపు సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు, కాబట్టి దక్షిణపు ముఖం మీద పక్కవెలుగు పడుతుంది. ఇనుము మీద రివెట్లు, తుప్పు అన్నీ లేచి కనపడతాయి. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు నిలిచి ఉంటాయి, గాలి లేవకముందు వెళ్తే నీళ్లలో ప్రతిబింబం కూడా దొరుకుతుంది. అదే లెక్కన సాయంత్రాలకీ ఒక మాట: డిసెంబరులో సూర్యుడు నైరుతిలో దిగుతాడు, బ్రిడ్జి వెనక సూర్యుడు కావాలంటే మీరు బ్రిడ్జికి ఉత్తరాన ఉండాలి. జూన్‌లో వాయవ్యంలో దిగుతాడు, అప్పుడు దక్షిణాన ఉండాలి. చాలామంది ఏడాదంతా ఒకే మెట్టు మీద నిలబడి, సూర్యుడు పక్కకి పోయాడని బాధపడుతుంటారు.

సరే, నాలుగోది. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఆ రోజు అదే చోట మీరు ఒక్క ఫొటోతో ఆగి ఉండరు, బండి వచ్చేటప్పుడు వరసగా నొక్కుతూనే ఉండి ఉంటారు. ఆ ఫ్రేములన్నీ తీసి పక్కపక్కన పెట్టండి. ఐదు ఫొటోల్లో ఒకటి ఎంచుకోవడం కంటే ఒకేలా ఉన్న ఎనిమిదిలో ఒకటి ఎంచుకోవడం కష్టం. బహుమతి వచ్చేదీ రానిదీ చాలాసార్లు అక్కడే తేలుతుంది.

ముందు గొడుగు చూడండి. అది నల్లగొడుగు. మీరు చూపించిన ఫ్రేములో దాని కుడి అంచు వెనకున్న పిల్లర్‌ని తాకుతోంది. ముదురు మీద ముదురు పడి రెండూ ఒకే ముద్ద అయ్యాయి. గొడుగు చుట్టూ నీళ్లు మాత్రమే ఉన్న ఫ్రేము ఒకటి ఉండే ఉంటుంది, పెద్దాయన ఒక అడుగు కదిలినా చాలు. తర్వాత ఇంజను. బండి ముందు కాస్త ఖాళీ బ్రిడ్జి మిగిలి ఉండాలి, అప్పుడే అది వెళ్తున్నట్టు ఉంటుంది. ఇంజను ఫ్రేము అంచుకి ఆనుకుంటే గుద్దుకున్నట్టుంటుంది, బయటికి వెళ్లిపోతే పెట్టెలు ఎటు పోతున్నాయో తెలియదు. ఇంజను ముఖం రెండు హ్యాంగర్ల మధ్య ఖాళీలో ఉన్న క్షణం దొరికితే అదే మీ ఫొటో. ఆర్చీ నుంచి కిందికి దిగే ఆ నిలువు కడ్డీ ఇంజను ముఖం మీదుగా పడితే గీత కొట్టేసినట్టు కనపడుతుంది. ఇక పెద్దాయన తల: నది వైపు ఉంటే బాగు. మీ వైపు తిరిగి ఉన్న ఫ్రేము, మొహం ఎంత బాగున్నా సరే, తీసేయండి. కెమెరాని చూసిన మనిషి వరదని చూడటం మానేశాడు.

గొడుగు బాగున్న ఫ్రేములో ఇంజను బాగోకపోతే? గొడుగుకే నా ఓటు. కొన్ని సెకన్లలో కన్ను ముందు మనిషి దగ్గరికే వెళ్తుంది. అంతేగానీ ఒక ఫ్రేములోని ఇంజను తెచ్చి ఇంకోదాంట్లో అతికించొద్దు. చాలా పోటీల్లో అది నిషేధం, తుది జాబితాకి వచ్చాక అసలు ఫైలు పంపమని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. ఫోనులో ఏఐతో వస్తువులు చెరిపే సదుపాయం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఎడమ మూలన ఉన్న ప్లాస్టిక్ సీసాని చెరపకండి, క్రాప్ చేసి బయటికి పంపండి. అక్కడ సగం తెగిన ఫ్లెక్సీ కూడా ఉంది, రెండూ ఒకే కోతతో పోతాయి.

తర్వాత వాలు. బ్రిడ్జి ఫొటోల్లో అందరూ చేసేది ఇదే: బ్రిడ్జి గీతని అడ్డంగా సరిచేస్తారు. మీరు బ్రిడ్జిని ఏటవాలుగా చూస్తున్నారు, దూరంగా పోయేకొద్దీ డెక్ (బండి నడిచే తలం) గీత వాలడం సహజం. దాన్ని బలవంతంగా చదును చేస్తే నది ఒక పక్కకి ఒరిగిపోతుంది. పిల్లర్లను చూసి సరిచేయండి. ఫ్రేము మధ్యలో ఉన్న పిల్లరు నిట్టనిలువుగా ఉంటే మిగతావన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. నీళ్లలో ప్రతిబింబం పడిన ఫొటోల్లో ఇంకా సులువు: వస్తువు కొసనీ ప్రతిబింబం కొసనీ కలిపే గీత నిలువుగా ఉండాలి.

ఎడిటింగ్‌లో మీ చెయ్యి ముందు ‘డీహేజ్’ (మసక తీసేసే మీట) మీదికే పోతుంది. ముట్టుకోకండి. ఇంతసేపు పొగిడిన ఆ పలచబడే ఆర్చీలను అది ఒక్క దెబ్బతో చదును చేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ కూడా వద్దు, ఎర్రనీళ్లు పోతే వరద పోయినట్టే. వైట్ బ్యాలెన్సు మాత్రం చూడండి. ఆటోలో పెడితే కెమెరా ఆ ఎరుపుని తప్పనుకుని బూడిద వైపు లాగేస్తుంది. ఆ రోజు మీ కళ్లకి ఎలా కనిపించాయో అంతవరకు తిరిగి తీసుకురండి, ఇటికల రంగు దాకా వెళ్లకండి. ఆకాశం తెల్లగా ఉందని భయపడి అందులో మబ్బులు పుట్టించాలని చూడొద్దు. పై నుంచి కొంచెం కోసేస్తే సరిపోతుంది, ఆర్చీ నెత్తిన ఊపిరాడేంత ఖాళీ ఉంచండి. షార్ప్‌నెస్ పెంచితే ఆర్చీ అంచుల చుట్టూ తెల్లటి గీత వస్తుంది. ఆ గీత కనపడిందంటే జడ్జీ పక్కవాడి వైపు చూసి నవ్వుతాడు.

అంతా అయ్యాక ఫొటోని ఫోను తెర మీద బొటనవేలు గోరంత చేసి చూడండి. ఆర్చీ, గొడుగు, ఎరుపు, ఈ మూడూ ఆ సైజులో కూడా విడివిడిగా తెలియాలి. అద్దంలోలా తిరగేసి చూడండి, తిరగేసి పంపమని కాదు, కొత్తగా కనపడుతుందని. రెండు మూడు రోజులు మూసేసి మళ్లీ తెరవండి, గడువు ఉందిగా. ఇంట్లోవాళ్లని ‘ఏది బాగుంది’ అని అడగడం ఆపండి. వాళ్లు మీతో ఆ సాయంత్రం గట్టు మీద ఉన్నారు, వాళ్లకి ఫొటోతో పాటు ఆ సాయంత్రం కూడా గుర్తొస్తుంది. రాజమండ్రి చూడని ఒకరికి ఐదూ గబగబా చూపించి, మర్నాడు ‘నిన్న చూసినవాటిలో ఏం గుర్తుంది’ అని అడగండి. గొడుగు అంటారని నా పందెం.

పంపేటప్పుడు చిన్నచిన్నవి. నిర్వాహకులు చెప్పిన పిక్సెల్ కొలత కచ్చితంగా పాటించండి. కలర్ స్పేస్ (ఫైలు రంగులను నమోదు చేసే పద్ధతి) ఎస్ఆర్‌జీబీలో ఉండాలి, లేకపోతే కొన్ని తెరల మీద మీ ఎరుపు వెలిసిపోతుంది. ఫైలుని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా మీకు మీరే పంపుకుని, దాన్ని దించుకుని అప్‌లోడ్ చేయొద్దు, తెల్ల ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడతాయి. కావాలంటే డాక్యుమెంటుగా పంపుకోండి. ఫొటో మీద మీ పేరు, వాటర్‌మార్కు ఏవీ ఉండకూడదు, పేరు కనపడిన ఎంట్రీని చాలాచోట్ల నేరుగా తిరగ్గొడతారు.

శీర్షిక, వివరణ అడిగితే తక్కువ రాయండి, సరిగ్గా రాయండి. ఆర్చ్ బ్రిడ్జిని హేవలాక్ అని రాసేవాళ్లు బోలెడంత మంది. ‘ఆసియాలోనే ఇన్నో పొడవైనది’ లాంటి పాత మాటల జోలికి వెళ్లకండి. అవి అసలు రోడ్డు కం రైలు బ్రిడ్జి గురించి చెప్పుకునేవి, పైగా అస్సాంలో 2018లో మొదలైన బోగీబీల్ బ్రిడ్జి 4.94 కిలోమీటర్లతో దాన్ని దాటేసింది. ‘వరద రోజు, గోదావరి ఆర్చ్ బ్రిడ్జి, రాజమండ్రి’ చాలు. కవిత్వం వద్దు, ఫొటోలో ఉంది.

ఇంకా రెండు మాటలున్నాయి. ఈ రెండు వారాల్లో ఇంకా మంచి కోణం కోసం పట్టాల మీదికి, బ్రిడ్జి మీదికి ఎక్కకండి. రైల్వే చట్టం 147వ సెక్షను కింద అది అతిక్రమణ, ఆరు నెలల జైలు దాకా ఉంది. జరిమానా సంగతి అటుంచండి, బ్రిడ్జి మీద బండి వస్తే పక్కకి తప్పుకునే చోటు దొరకదు. పట్టాల మీద నిలబడి తీసిందని తెలిసే ఫొటోలకి మా బల్ల దగ్గర మార్కులు ఉండవు. రెండో మాట, అప్‌లోడ్ బటన్ నొక్కేముందు నియమాల్లో హక్కుల పేరా చదవండి. ‘పోటీకి సంబంధించిన ప్రచారానికి వాడుకుంటాం’ అని ఉంటే మామూలే. ‘వచ్చిన ఎంట్రీలన్నీ శాశ్వతంగా మావే, ఎక్కడైనా ఎలాగైనా వాడుకుంటాం’ అని ఉంటే ఆ పోటీకి నాలుగోది ఇవ్వకండి. అలాంటిచోటికి కావాలంటే మొదటిది పంపండి.